కొటేషన్ చదివాకే అడ్వాన్సు

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మీ సంఘం చేసిన మంచి పని ఒకటి చెప్పండి అని మమ్మల్ని పిలిచారు. ముందు మేము చేసిన పొరపాటు చెప్పి, తర్వాత మంచి పని చెబుతాం. ఆ పొరపాటు జరగకపోతే ఈ పని మాకు తట్టేదే కాదు.

పోయిన ఎండాకాలం మా సంఘంలో ఒక అక్క, డాబా మీద సోలార్ ప్లేట్లు పెట్టించుకుంటాను, అప్పు కావాలి అని అడిగింది. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది కదా. అప్పటి నుంచి ఊళ్లో ఏజెంట్లు బాగా తిరుగుతున్నారు. అక్క తెచ్చిన కాగితం మీద ఒకే లైను ఉంది. 3 కిలోవాట్లు, మొత్తం 1,60,000 రూపాయలు, సబ్సిడీ 78,000 వస్తుంది. అంతే. మేమందరం ఆ 78,000 చూశాం గానీ, కాగితంలో ఏం రాయలేదో చూడలేదు. తీర్మానం రాశాం, సంతకాలు పెట్టాం, అప్పు ఇచ్చాం.

ప్లేట్లు బిగించారు. సబ్సిడీ మాత్రం రాలేదు. కరెంటు ఆఫీసుకు వెళ్లి అడిగితే రెండు మాటలు చెప్పారు. ఒకటి, బిగించిన మనిషి పథకంలో నమోదైన వెండర్ కాదు. రెండు, ఆ ప్లేట్లు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవి కావు. అలా చేసినవాటిని డీసీఆర్ ప్లేట్లు అంటారట. అవైతేనే సబ్సిడీ. ఏజెంటుకు ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాడు.

ఆ అక్క ఒక్క వాయిదా కూడా తప్పకుండా ఇప్పటికీ కడుతోంది. కానీ మీటింగులో మాట్లాడటం తగ్గించేసింది. తప్పు ఆమె ఒక్కదానిదా? సంతకం పెట్టిన మా అందరిదీ కాదా? ఈ సంగతి ఇక్కడ చెప్పమని ఆమే మాకు చెప్పింది. ఇంకో సంఘం ఇలా పోకూడదని.

రెండు నెలల తర్వాత ఇంకో చెల్లి అదే అప్పు అడిగింది. ఇంట్లో కుట్టుమిషన్ నడుపుకునే మనిషి. ఈసారి వద్దు అనలేదు, సరే అని కూడా వెంటనే అనలేదు. అందరం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆ పద్ధతే మీకు చెబుతాం.

మొదట పన్నెండు నెలల కరెంటు బిల్లులు ముందేసుకున్నాం. ఎండాకాలంలో 240 యూనిట్లు, చలికాలంలో 110. అన్నీ కలిపితే సగటున నెలకు 170 వచ్చింది. ఒక కిలోవాట్ ప్లేట్లు మంచి ఎండ ఉంటే రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తాయి, నెలకు 120 వేసుకోవచ్చు. వానాకాలం తగ్గుతుంది. అంటే ఆ చెల్లికి 2 కిలోవాట్లు సరిపోతాయి. ఏజెంట్లు మాత్రం అందరికీ 3 అనే చెబుతున్నారు. సబ్సిడీ 1 కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడుకు గానీ అంతకు మించి గానీ 78,000. సబ్సిడీ ఎక్కువ వస్తుందని అవసరం లేని కిలోవాట్ కొంటే అప్పు కూడా ఎక్కువే అవుతుంది. నెలకు 50 యూనిట్లు కూడా కాలని ఇంటికి అసలు తొందరే లేదు.

తర్వాత డాబా చూశాం. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు నీడ పడని చోటు కావాలి. పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఎటు పడుతుందో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు ఎక్కి చూశాం. కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో కూడా చూశాం. చనిపోయిన మామగారి పేరున ఉంది. ముందు అది మార్పించుకుంది.

అప్పుడు పథకం వెబ్‌సైట్‌లో నమోదైన వెండర్ల జాబితా తీసి, ముగ్గురిని పిలిచి డాబా చూపించాం. డాబా చూడకుండా ఫోన్లో ధర చెప్పేవాళ్లను పక్కన పెట్టాం. ముగ్గురికీ ఒకటే చెప్పాం. 2 కిలోవాట్లకే రాయాలి, సబ్సిడీ తీసేయకుండా పూర్తి ధర రాయాలి, ఏ వస్తువు ఎంతో విడివిడిగా రాయాలి.

మొదటి కొటేషన్ మీద పెద్ద అక్షరాల్లో "62,000 మాత్రమే" అని ఉంది. చూడగానే మాకూ ఆశ పుట్టింది. కింద చదివితే అది సబ్సిడీ పోగా మిగిలేది. అసలు ధర 1,22,000. అందులో ఎర్తింగ్ లేదు, నెట్ మీటర్ ఖర్చులు లేవు, స్టాండు ఎత్తు పెంచాలంటే డబ్బు వేరే. అన్నీ వేయమంటే ఇంకో 15,000 అయింది. మొత్తం 1,37,000. రెండోది 1,34,000, అన్నీ అందులోనే. మూడోది 1,50,000, ప్లేట్ల కింద మనిషి నడిచేంత ఎత్తు స్టాండు వేస్తారు. చెల్లికి ఆ ఎత్తు అవసరం లేదు. తక్కువ అనుకున్నది చివరికి రెండోదానికంటే 3,000 ఎక్కువ తేలింది. ఒకే కాగితం మీద మూడు గళ్లు గీసి వరసగా రాసుకోకపోతే ఇది మాకు కనిపించేది కాదు.

ఆ గళ్లలో మేము రాసుకున్న ప్రశ్నలు ఇవి. మీరూ రాసుకోండి.

1. ప్లేట్ల కంపెనీ ఏది? ఒక్కో ప్లేటు ఎన్ని వాట్లు, ఎన్ని ప్లేట్లు? డీసీఆర్ అని కొటేషన్‌లో రాశారా?

2. ఇన్వర్టర్ ఏ కంపెనీది, వారంటీ ఎన్నేళ్లు? ప్లేట్లకు 25 ఏళ్లు అని గొప్పగా చెబుతారు. ఇన్వర్టర్‌కు అంత ఉండదు. అది విడిగా అడగాలి.

3. స్టాండు జింకు పూత వేసిన ఇనుముదేనా? గాలివానకు తట్టుకునేలా ఎలా బిగిస్తారు? డాబా స్లాబుకు రంధ్రం పెడితే నీరు కారకుండా ఎవరు చూస్తారు?

4. ఎర్తింగ్ గోతులు ఎన్ని? ప్లేట్లకు ఒకటి, ఇన్వర్టర్ వైపు ఒకటి, పిడుగు నుంచి కాపాడే కడ్డీకి ఒకటి, మూడూ ఉన్నాయా?

5. నెట్ మీటర్ దరఖాస్తు, దాని ఖర్చు ఎవరిది?

6. ఐదేళ్లు మరమ్మతు వాళ్లదేనని కాగితం మీద ఉందా? చెడిపోతే ఎన్ని రోజుల్లో వస్తారు?

7. డబ్బు ఎప్పుడెప్పుడు కట్టాలి?

8. కరెంటు పోతే ఇది పనిచేస్తుందా?

ఎనిమిదో ప్రశ్నకు చాలామంది ఏజెంట్లు మాట తప్పిస్తారు. బ్యాటరీ లేని మామూలు సోలార్, లైను కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. కరెంటు పోయినా ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ కావాలి, దాని ఖర్చు వేరే. ఇది ముందే తెలిస్తే తర్వాత బాధ ఉండదు.

డబ్బు సంగతి. సబ్సిడీ పని పూర్తయి, నెట్ మీటర్ పెట్టాక మన బ్యాంకు ఖాతాకే వస్తుంది. అంటే మొదట పూర్తి డబ్బు మనమే చూసుకోవాలి. సంఘం అప్పు ఒక్కటే దారి అనుకోవద్దు. 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా బ్యాంకులు ఇచ్చే సోలార్ లోను ఉంది. ఆ వడ్డీ, సంఘం వడ్డీ పక్కపక్కన వేసి చూసుకోండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలు రాష్ట్రం నుంచి విడిగా ఏమైనా వస్తుందా అని ముందు కరెంటు ఆఫీసులో అడగండి. అడ్వాన్సు చేతికి ఇవ్వొద్దు, కంపెనీ ఖాతాలో వేసి రసీదు తీసుకోండి. ఆ చెల్లి కొంత అడ్వాన్సు, సామాను దిగాక కొంత, నెట్ మీటర్ తిరిగాక ఆఖరి భాగం ఇస్తానని ఒప్పందంలో రాయించుకుంది. ఆఖరి డబ్బు మన దగ్గర ఉన్నంతకాలం వాళ్లే మనకు ఫోన్ చేస్తారు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. దరఖాస్తు మన ఫోన్లోనే, మన కళ్లముందే చేయించుకోవాలి.

చెల్లి డాబా మీద ప్లేట్లు ఎక్కాయి. 60,000 ఆమె ఖాతాలో పడ్డాయి. ఆ రోజు మీటింగులో ఆ కాగితం చదివి వినిపించింది ఎవరో తెలుసా? సబ్సిడీ రాని అక్క. ఇప్పుడు మా సంఘంలో ఎవరు సోలార్ అప్పు అడిగినా కొటేషన్లు ముందు ఆమే చదువుతుంది. ఏం లేదో మా అందరికంటే ఆమెకే తొందరగా కనిపిస్తుంది.

పొదుపు చేయడం మనకు నేర్పాల్సిన పని లేదు. పది రూపాయల దగ్గర కూరగాయల బండి ఆపి బేరం చేస్తాం. లక్ష రూపాయల కాగితం దగ్గరకు వచ్చేసరికి మాత్రం, వాళ్లు చదువుకున్నోళ్లు కదా అని ఊరుకుంటాం. మాలో ఎక్కువమంది పదో తరగతి దాటలేదు. అయినా మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చదవడానికి ఆ చదువు చాలింది.

అందుకని సమాఖ్యకు మా సంఘం ఒక కోరిక పెడుతోంది. సోలార్‌కు అప్పు అడిగితే మూడు కొటేషన్లు మీటింగులో పైకి చదివాకే తీర్మానం రాయాలని ప్రతి గ్రామ సంఘం నియమం పెట్టుకోవాలి. సంతకం పెట్టే ప్రతి ఒక్కరూ విని పెట్టాలి. అప్పు ఒకరి పేరున ఉన్నా, భారం అందరిదీ కదా.