వంగపండు: ముందు నిలిచిన గొంతు



నేటి కుర్రకారుకు రాక్ బ్యాండ్ గాయకుడు ఎలాంటివాడో, ఒక తరం ఉత్తరాంధ్రకు వంగపండు ప్రసాదరావు అలాంటివారు. ఆయన గజ్జె కట్టి గొంతెత్తితే మైదానమంతా వంత పాడేది.

1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. ఆ ఊరు నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో, మన అరకు లోక్‌సభ స్థానంలోనే ఉంది. దానికి ఎగువన జాతాపులు, సవరలు పోడు కొట్టుకు బతికే కొండలు. వాళ్లు పండించిన గింజ, ఏరుకొచ్చిన చింతపండు అప్పుల కింద షావుకార్ల కొట్లకు చేరేవి. ఆ తర్వాత భూమీ పోయేది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజనులు కోరన్న, మంగన్న భూస్వాముల మనుషుల తూటాలకు బలయ్యారు. శ్రీకాకుళ గిరిజన పోరాటం ఎగసింది అక్కడి నుంచే.

ఆ పోరాటానికి గొంతునిచ్చిన గాయకుడు సుబ్బారావు పాణిగ్రాహి. బొడ్డపాడు గుడిలో పూజారి. అమ్మవారి కథలు చెప్పే జముకుల కథను చేతబట్టి అందులో రైతు గోడు చెప్పారు. ముందు కథకుడు, పక్కన జముకు వాద్యం, వెనక వంత: ఆ కట్టడి జనానికి పుట్టుకతో తెలిసినదే. అందుకే కొత్త మాట పాత బాణీలో ఇట్టే చెవికెక్కింది. 1969 డిసెంబరులో ఆయన్ను కాల్చి చంపారు. 1970లో పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం కూడా పోయారు. పోరాటం అణగారింది.

పాట అణగలేదు. 1972లో రూపుదిద్దుకున్న విప్లవ కళాబృందం జననాట్యమండలిలో గద్దర్‌తో పాటు వంగపండు ముందు నిలిచారు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’తో ఆ కొండల పోరు తెలుగు నేలంతా నడిచింది. విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన ఆయనకు యంత్రమూ తెలుసు, దాన్ని నడిపే చేతులూ తెలుసు. ‘యంత్రమెట్లా నడుస్తు ఉందంటే’ పాట పుట్టింది ఆ ఎరుకలోంచే.

ఆయన పనితనం ఎక్కడుంది? యాసను దిద్దలేదు. పల్లెలో మనిషి మనిషిని అడిగినట్టే పాటలో ప్రశ్న అడిగారు. పల్లవిని ఒక్కసారి విన్నవాడు రెండోసారి తానే అందుకునేలా కట్టారు. గొంతు బాగుండటం ఒక ఎత్తు. వినేవాడి గొంతు పెగలించడం మరో ఎత్తు. వంగపండు ఆ రెండోది సాధించిన గాయకుడు.

2020 ఆగస్టు 4న పార్వతీపురంలో ఆయన కన్నుమూశారు. విగ్రహాలు, అవార్డులు ఉండనివ్వండి. ఈ సభలోని ఉపాధ్యాయులకు, యువకులకు నా విన్నపం ఒక్కటే. జముకు వాయించే పెద్దలు, థింసా నాట్యపు పాటలు తెలిసిన అవ్వలు మన గూడేల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల పాటలను వాళ్ల యాసలోనే రికార్డు చేయండి. బడిలో పిల్లలకు నేర్పించండి. రేపటి వంగపండు ఆ పిల్లల్లోంచే రావాలి.