పాత రిమోట్ పారేయకండి

మిర్చి అమ్మిన డబ్బులతో ఇంట్లోకి హోమ్ థియేటర్ వచ్చింది. టీవీకో రిమోట్, ఏపీ ఫైబర్‌నెట్ బాక్సుకో రిమోట్, స్పీకర్లకు ఇంకోటి. ఏది నొక్కాలో పెద్దవాళ్లకు తెలియదు. ఆ ఇబ్బంది చిన్నదేం కాదు.

ముందు ఒకటి చూడండి. టీవీ వెనక హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ అని ఉందా? హోమ్ థియేటర్‌కూ ఉందా? అయితే రెండింటినీ హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపి, సెట్టింగ్స్‌లో సీఈసీ ఆన్ చేయండి. చాలావరకు టీవీ రిమోట్‌తోనే సౌండు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కొత్తది కొనక్కర్లేదు.

అది కుదరకపోతే అన్నింటికీ ఒకటే పనిచేసే యూనివర్సల్ రిమోట్ చూడండి. కొన్నింటిలో పేరున్న కంపెనీల కోడ్‌లే ఉంటాయి. మన కేబుల్ బాక్సులకు, లోకల్ స్పీకర్లకు అవి పనిచేస్తాయన్న భరోసా లేదు. అందుకే లెర్నింగ్ రిమోట్ అడగండి. పాతదాన్ని దానికి ఎదురుగా పెట్టి ఒక్కో బటన్ నొక్కితే, ఆ సిగ్నల్ నేర్చుకుంటుంది. పాతది పనిచేస్తుంటేనే సుమా! అది తెలియాలంటే, దాన్ని ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పట్టుకుని నొక్కండి. రిమోట్ కొసన చిన్న వెలుగు మినుకుమంటే బాగున్నట్టే. బ్లూటూత్ రిమోట్‌కు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

గుంటూరులో కొన్నా, ఒంగోలులో కొన్నా, పాత రిమోట్లన్నీ వెంట తీసుకెళ్లండి. కొట్లోనే నేర్పించి చూసి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.