వేసవి సెలవులు – చదరంగ శిబిరం



ప్లాటినం జూబిలీ వేళ పాఠశాల గతాన్ని తలచుకొనడం సహజం. నేను మాత్రం రాబోయే వేసవిని గూర్చి ఒక మనవి చేయదలచాను. సెలవులలో మన ఆవరణలోనే పిల్లలకు చదరంగ శిబిరం నడపాలి. అది తెలుగులో నడవాలి.

చదరంగం మనకు పరాయి ఆట కాదు. రథ గజ తురగ పదాతులనే నాలుగు బలాలను బట్టి దీనికి చతురంగమని పేరు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి తండ్రి వద్దనే ఆట నేర్చి 2002లో, పదిహేనవ ఏట, గ్రాండ్‌మాస్టర్ అయినది. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను జయించి, పద్దెనిమిదవ ఏట ప్రపంచ విజేతగా నిలిచాడు. ఈ పేర్లు విన్న తల్లిదండ్రులు తమ పిల్లలపై ఆశలు పెంచుకొనడం తప్పు కాదు. అయితే శిబిరానికి వచ్చే నూరుగురిలో విజేత కాగలిగేది ఏ ఒక్కరో. తక్కిన వారికి ఏమి దక్కుతుందన్నదే ఉపాధ్యాయులు వేసుకోవలసిన ప్రశ్న.

ఆర్మేనియా దేశం 2011లో ప్రాథమిక పాఠశాలల్లో చదరంగాన్ని పాఠ్యాంశం చేసింది. తమిళనాడు ప్రభుత్వం కూడ 2013లో 7 నుంచి 17 ఏళ్ల విద్యార్థుల కొరకు పాఠశాలల్లో చదరంగ పథకాన్ని ప్రవేశపెట్టింది. అయినను, ఆట నేర్చితే గణితంలో మార్కులు పెరుగునని నేను మాట ఇవ్వను. ఇంగ్లండులో 100 ప్రాథమిక పాఠశాలల్లో జరిపిన పరిశీలన ఫలితాలు 2016లో వెలువడినవి. ఆట నేర్చిన పిల్లలకు, నేర్వని పిల్లలకు ఏడాది తరువాత గణితంలో చెప్పుకోదగిన తేడా కానరాలేదు.

మరి లాభమేమి? కదపాలని ముట్టిన పావును కదపవలసిందేనన్నది పోటీ నియమం. చేతికంటె ముందు ఆలోచన నడవాలని చెప్పే పాఠం ఇంతకు మించినది లేదు. ఆడిన ప్రతి ఎత్తును పిల్లలు కాగితంపై రాసుకొంటారు. ఓడినప్పుడు ఎక్కడ దారి తప్పినదీ ఆ కాగితమే చెబుతుంది. పాచికల ఆటలో వలె అదృష్టాన్ని నిందించే వీలు లేదు. మూడవ తరగతి బాలిక పదవ తరగతి బాలునికి ఎదురుగా సమానంగా కూర్చుంటుంది. ఓడినవారు గెలిచినవారితో చేయి కలిపి లేస్తారు.

ఇక తెలుగు సంగతి. నాయకరాజుల కాలం నుండి మదురై సీమలోను, సేద్యం, నేత వృత్తులతో కోయంబత్తూరు ప్రాంతంలోను స్థిరపడిన మన కుటుంబాలలో తెలుగు ఇంటి భాషగా నిలిచింది. 2006 నాటి చట్టం పాఠశాలల్లో తమిళ బోధనను దశలవారీగా తప్పనిసరి చేసింది. రాష్ట్రభాష నేర్వడం మన పిల్లలకు మేలే. కాని వారికి తెలుగు అన్నం అడగడానికి సరిపోతున్నది. ఒక విషయానికి కారణం చెప్పవలసి వచ్చేసరికి మరొక భాష వెతుక్కొంటున్నారు. ఆలోచనకు పనికిరాని భాష ఇంట్లో మాత్రం ఎంతకాలం నిలుస్తుంది?

అందువలన శిబిరంలో ఆట ముగియగానే ప్రతి బాలుడు, ప్రతి బాలిక ఒక్క ప్రశ్నకు తెలుగులో సమాధానం చెప్పాలి: “ఈ ఎత్తు ఎందుకు వేశావు?” “గుర్రం మంత్రిని, ఏనుగును ఒకేసారి బెదిరిస్తుంది గనుక” అన్నప్పుడు ఆ బిడ్డ తెలుగులో తర్కించినట్లే. ఆ వాక్యాన్నే నోటుపుస్తకంలో తెలుగు లిపిలో రాయాలి. మే నెలలో నాలుగు వారాలు ఇలా సాగితే, పాఠమని తోచకుండానే చదువు సాగుతుంది.

దీనికి పెద్ద ఖర్చు లేదు. ఇరవై మంది పిల్లలకు పది బల్లలు చాలును. ఎండ ముదరక మునుపు, ఉదయం ఎనిమిది నుండి పది వరకు, ఒక గది తెరిస్తే చాలును. ఆట తెలిసిన పూర్వవిద్యార్థులు వంతులవారీగా రావాలి. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పాలి. ఆడపిల్లలను ఇంటి పనికని ఆపక పంపవలసినదిగా తల్లులను ప్రత్యేకంగా కోరుతున్నాను.

చదరంగంలో బంటు మొదటి ఎత్తు తరువాత ఒక్కొక్క గడియే నడుస్తుంది; వెనుకకు పోదు. చివరి వరుస చేరితే మంత్రి కాగలదు. మన భాషను నిలుపుకొనే పనికూడ అటువంటిదే. ఈ వేసవిలో మొదటి గడి జరుపుదామని మనవి చేస్తూ సెలవు తీసుకొంటున్నాను.