మంచులో అంజూర – మనం అడగాల్సిన ప్రశ్న
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాలీహౌస్ వేయించుకోమని మన ఊళ్లకు ఏజెంట్లు వస్తున్నారు. అప్పు చేసే ముందు మనం ఒక్కటే అడగాలి: మన పంటకు అడ్డొస్తున్నది ఏమిటి?

చలిదేశాల అంజూరనే చూద్దాం. ఆకు రాల్చి నిద్రలో ఉన్న చెట్టు సుమారు మైనస్ 10 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. చలి అంతకు మించితే కొమ్మలు ఎండిపోతాయి. వేరు బతికి వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. కానీ కొత్త కొమ్మల మీది కాయ పండేలోపే మళ్లీ మంచు పడుతుంది. చెట్టు దక్కినా పంట దక్కదు. అక్కడ కరువు రోజులకు. గ్రీన్‌హౌస్ ఆ రోజులనిస్తుంది.

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం, అలయన్స్‌లో రస్ ఫించ్ అనే ఆయన నేలను 4 అడుగులు తవ్వి, దక్షిణానికి వాలుగా కప్పు వేశాడు. 8 అడుగుల లోతున గొట్టాలు పాతి, భూమిలోని వెచ్చదనాన్ని ఫ్యాన్‌తో లోపలికి తిప్పాడు. బయట మంచు, లోపల నారింజ, నిమ్మ, అంజూర! కరెంటు ఖర్చు ఫ్యానుకే.

మన అనంతపురంలో అంజూర ఆరుబయటే కాస్తుంది. మనల్ని ముంచేది చలి కాదు. పండే వేళ వాన పడితే కాయ పగులుతుంది, కోసిన పండు నాలుగు రోజులైనా నిలవదు. కాబట్టి మనం అడగాల్సింది ఊరి దగ్గర చల్లని గిడ్డంగి, ఆరబెట్టే సదుపాయం, గిట్టుబాటు ధర.

ఆయన తన నేలను చూసి కట్టుకున్నాడు. మనమూ మన నేలను చూసే అడుగుదాం, కలిసి అడుగుదాం.