నాగుబాము పేరిటి మోటారుబండి



నేటి నా ప్రసంగవిషయము మీలో కొందఱికి వింతగా తోపవచ్చును. పంటలను గూర్చియో, పాడిని గూర్చియో చెప్పక, ఇంగ్లండులో పుట్టి అమెరికా యంత్రమును మోయు నొక పందెపుబండిని గూర్చి, అందునను దాని నకలును గూర్చి చెప్పబూనినాను. అయినను, బలమైన వస్తువును ఇంట నుంచుకొనువాడు దానినుండి ఇతరులను ఎట్లు కాపాడవలెను అను ప్రశ్న ఏ దేశమువారికైనను ఒక్కటే. పొగరుబోతు కోడెను కట్టుగొయ్యకు కట్టిన ప్రతి రైతునకును ఆ ప్రశ్న తెలిసినదే. నేను ఇంగ్లండులో ఇంజనీరుగా పనిచేయుచు, కొన్ని సంవత్సరములుగా అట్టి బండి నొకదానిని ఉంచుకొని నడుపుచున్నాను. ఆ యనుభవమునే మీ ముందుంచుచున్నాను.

మొదట ఆ బండి పుట్టుకను చెప్పెదను. లండను నగరమునకు నైరృతిదిక్కున థేమ్స్ డిట్టన్ అను ఊరు కలదు. అచ్చటి ఏ.సి. కార్స్ అను చిన్న సంస్థ 1953లో ఇద్దఱు కూర్చుండదగిన 'ఏస్' అను తేలికబండిని వెలువరించెను. కొన్నియేండ్లకు వారికి యంత్రముల సరఫరా చిక్కులలో పడెను. ఆ కాలముననే అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన కెరోల్ షెల్బీ అను నతడు తేలికబండి యొకటి దొరకునా యని వెదకుచుండెను. ఈ షెల్బీ ఒకప్పుడు కోళ్ళను పెంచిన రైతు. తొలివిడత కోళ్ళు లాభము నిచ్చినవి. మలివిడత కోళ్ళు తెగులు సోకి చచ్చినవి. పిమ్మట అతడు బండిపందెములలో ప్రవేశించి, 1959లో ఫ్రాన్సుదేశమందలి లె మాన్ పట్టణమున జరుగు ఇరువదినాలుగు గంటల పందెమును రాయ్ సాల్వడోరీ అను సహచరునితో గూడి గెలిచెను. గుండెజబ్బు కారణముగా 1960తో పందెములు మానవలసివచ్చెను. 1961లో అతడు ఏ.సి. వారికి జాబు వ్రాసి, వారి తేలికబండిలో బలమైన అమెరికా యంత్రమును అమర్చుటకు వారిని ఒప్పించెను. ఫోర్డు సంస్థ ఎనిమిది సిలిండర్ల యంత్రము నిచ్చెను. 1962లో తొలిబండి సిద్ధమయ్యెను. దానికి పెట్టిన పేరు 'కోబ్రా'. కోబ్రా యనగా మన నాగుబామే.

తొలి యంత్రము 4.2 లీటర్లది, తరువాత 4.7 లీటర్లది వచ్చెను. 1965లో 7 లీటర్ల యంత్రము వచ్చెను. ఈ కడపటి దాని బలము 400 అశ్వబలములకు పైమాట. బండి బరువో, ఒక టన్నుకు కొంచెము మించును. మన పొలములను దున్ను 45 అశ్వబలముల ట్రాక్టరు సుమారు రెండు టన్నుల బరువుండును. కనుక తొమ్మిది ట్రాక్టర్ల బలమును, ఒక ట్రాక్టరులో సగమునకు కొంచెము మించిన బరువుగల బండిలో బిగించినారని తలపోయుడు. మన ఊళ్ళలో చిరకాలము తిరిగిన మారుతి 800 బండ్లలో పెక్కింటికి 40 అశ్వబలములైనను లేవు.

ఆ దినములలో అసలు కోబ్రాలు మొత్తము సుమారు వెయ్యి మాత్రమే తయారైనవి. అందుచేత వాని ధర ఆకాశము నంటినది. తొలిబండి 2016లో అమెరికాలో వేలమునకు రాగా, ఒక కోటి ముప్పదియేడు లక్షల ఏబదివేల డాలర్లకు పోయినది. సామాన్యులకు అది కలలోని మాట. అందువలన అదే రూపమున నకళ్ళు బయలుదేరినవి. అసలుబండి పైతొడుగు అల్యూమినియము రేకు. నకళ్ళలో పెక్కింటికి గాజునార కలిపిన ప్లాస్టికు. లోపల ఉక్కుగొట్టముల చట్రము. యంత్రము మాత్రము అసలుదానికి తీసిపోదు. ఒక్కొక్కప్పుడు దానిని మించియుండును. రూపము నకలే గాని ప్రమాదము నకలు కాదని నేను మొట్టమొదట చెప్పదలచిన మాట.

ఇట్టి బండి గలవాని ధర్మములలో మొదటిది సత్యము. గిల్టునగ ధరించుట తప్పుకాదు. దానిని బంగారమని తాకట్టుపెట్టుట తప్పు. నకలును నకలని చెప్పి నడుపుకొనువానిని ఎవ్వరును నిందింపరు. అసలుబండ్ల సంఖ్యలు చెక్కిన రేకులను తగిలించి అమ్మజూచువాడు దొంగ. దారిలో ఎవరైనను "ఇది అసలుదేనా?" యని యడిగినప్పుడెల్ల "కాదు, నకలు" అని నేను వెంటనే చెప్పుదును. అడిగినవారి ముఖము కొంచెము చిన్నబోవును. అయినను బండిని మెచ్చుకొనియే పోవుదురు. బీమావారికిని ఇదే సత్యము చెప్పవలెను. యంత్రమెంత పెద్దదో, ఏయే మార్పులు చేసితిమో దాచినచో, ఆపద వచ్చిననాడు ఆ బీమాకాగితము ఎందుకును పనికిరాకపోవచ్చును.

రెండవది చట్టము. ఇంగ్లండులో ఇంట కూర్చుకొన్న బండిని తోచినట్లు బాటమీదికి తేరాదు. 2009నుండి అమలులోనున్న పద్ధతి ననుసరించి, ప్రభుత్వ పరీక్షకులు ఒక్కొక్క బండిని విడివిడిగా పరీక్షింతురు. బ్రేకులు, దీపములు, స్టీరింగు, కూర్చుండువారి పట్టీలు, శబ్దము, పొగ, పైకి పొడుచుకొనివచ్చిన అంచులు అన్నింటిని చూతురు. అమెరికాలో 2015లో చేసిన చట్టము, కనీసము ఇరువదియైదేండ్ల క్రిందటి బండ్ల నకళ్ళను చిన్నసంస్థలు ఏడాదికి 325కు మించకుండ చేసి అమ్ముకొనుటకు వీలు కల్పించినది. ఈ పరీక్షలు వేధింపులని కొందఱు గొణుగుదురు. నేనట్లు తలపను. తన చేతితో బిగించిన మరను మఱియొకరు పరీక్షించుటలో అవమానమేమి?

మూడవది ఆ బండి స్వభావము నెఱుగుట. నేటి సామాన్యపు బండ్లలో చక్రములు బిగుసుకొని జాఱకుండ బ్రేకును సడలించి పట్టు సాధనము కలదు. బలము మితిమీఱినచో దానిని తగ్గించు సాధనము కలదు. గ్రుద్దుకొన్నప్పుడు ఉబ్బి ముఖమును కాపాడు గాలిసంచి కలదు. ఇట్టి నకళ్ళలో చాలవాటికి ఇవేవియు లేవు. ముందుచక్రములకును వెనుకచక్రములకును నడుమ దూరము అసలుబండిలో 90 అంగుళములు మాత్రమే. పొట్టిబండి ఎంత చుఱుకుగా తిరుగునో, అంత చుఱుకుగా గిఱ్ఱునను తిరిగిపోవును.

కారణమును మీకు తెలిసిన రీతిని చెప్పెదను. టైరు నేలను పట్టుకొను శక్తి ఒక గాదెలోని ధాన్యము వంటిది. బండిని ముందుకు నెట్టుటకును, మలుపులో ప్రక్కకు జాఱకుండ నిలుపుటకును, వేగమును తగ్గించుటకును ఆ యొక్క గాదెనుండియే తీయవలెను. మలుపులో గాదె సగము ఖర్చయియుండగా పాదము మోపి యంత్రబలమును ఒక్కసారి వదలినచో, మిగిలిన ధాన్యమంతయు నెట్టుటకే పోవును. వెనుకచక్రములు ప్రక్కకు జాఱును. అప్పుడు భయపడి పాదమును తటాలున తీసివేసినచో, బరువు ముందుకు ఒఱగి, వెనుక పట్టు ఇంకను తగ్గి, బండి తలక్రిందుగా దిక్కు మార్చుకొనును. వానలో ఆ గాదె మొదటినుండియు చిన్నదే. చలికాలపు ఉదయమున చల్లబడిన రబ్బరుకును అంతే. ఏండ్ల తరబడి కొట్టములో నిలిచిన టైరు చూపునకు క్రొత్తదివలె నుండును గాని లోపల గట్టిపడియుండును. అందుచేత నేను టైరు అరుగుదలను మాత్రమే కాక, దాని ప్రక్కను అచ్చువేసిన తయారీ వారమును, సంవత్సరమును గూడ చూచుదును.

నాల్గవది వేగము. 1964లో ఇంగ్లండులోని ఎం1 అను రాజమార్గముమీద జాక్ సియర్స్ అను చోదకుడు లె మాన్ పందెమునకు సిద్ధపఱచిన కోబ్రాబండిని గంటకు 185 మైళ్ళ వేగమున, అనగా సుమారు 298 కిలోమీటర్ల వేగమున పరీక్షించెను. అప్పటికి ఆ మార్గమున వేగమునకు హద్దు లేదు గనుక అతడు చట్టమును మీఱలేదు. 1965 డిసెంబరు 22న 70 మైళ్ళ హద్దును తాత్కాలికముగా పెట్టి, 1967లో దానిని స్థిరము చేసిరి. ఆ యొక్క పరుగువలననే చట్టము పుట్టినదని బండిప్రియులు గొప్పగా చెప్పుకొందురు. కాని 1965 చివరను మంచులో బండ్లు ఒకదానికొకటి గ్రుద్దుకొని జనులు మరణించుటయే ఆ హద్దునకు ముఖ్యకారణము. ఒకని సాహసకథకంటె ఆ మృతులను తలచుకొనుట న్యాయము.

ఆ దేశపు రహదారి నియమగ్రంథములో ఒక లెక్క కలదు. గంటకు 30 మైళ్ళ వేగమున పోవు సామాన్యపు బండిలో చోదకుడు అపాయమును గుర్తించి బ్రేకు మోపులోపల బండి 9 మీటర్లు పోవును. బ్రేకు పడిన తరువాత 14 మీటర్లు పోయి నిలుచును. 60 మైళ్ళ వేగమున ఆ 9 మీటర్లు 18 అగును. 14 మీటర్లు 55 అగును. వేగము రెట్టింపైనప్పుడు బ్రేకుదూరము సుమారు నాలుగింతలగుట గమనింపుడు. ఇది ఆరిన బాటమీది లెక్క. నాలుగువందల అశ్వబలముల బండి 30 మైళ్ళనుండి 60 మైళ్ళకు పోవుటకు కొన్ని క్షణములు చాలును. చోదకుని బుద్ధి ఆ క్షణములలో నాలుగింతలు కాదుగదా!

ఇక నా దినచర్య. బండిని తీయుటకుముందు టైర్లలో గాలి, బ్రేకునూనె, చక్రముల బిగింపు చూచుదును. యంత్రనూనె వెచ్చబడువఱకు గట్టిగా నడుపను. ఆర్పుసాధనము నొకదానిని చేతికందునట్లు ఉంచుకొందును. ఇరుగుపొరుగు వారు నిదురించు వేళ వీధిలో యంత్రమును అరపింపను. పొగగొట్టములు తలుపులక్రింద, బండి ప్రక్కలనే పోవును. వానికి కాలు తగిలినచో చర్మము కాలును; దానిని యజమానులు 'పాముకాటు' అందురు. బండిని నిలిపినచోట పిల్లలు గుమిగూడుదురు గనుక గొట్టములు చల్లారువఱకు అచ్చటనే నిలుతును. జనులు చూచుచుండగా పాదము నొక్కవలెనను కోరిక పుట్టును. ప్రదర్శనములనుండి వెడలునప్పుడు ఆ కోరికకు లొంగి, చూడవచ్చినవారి మీదికే బండిని పోనిచ్చిన సంఘటనలు కలవు. ఇట్టి బండి యజమానునకు చప్పట్లే గొప్ప శత్రువు. ఇక బలము నంతను చూడగోరువానికి, పాతవిమానాశ్రయములందును పందెపుబాటలందును రుసుము తీసికొని, గురువును ప్రక్కన కూర్చుండబెట్టి నేర్పుచోట్లు ఆ దేశమున కలవు. నేను మొదటి ఏడాది వేసవిలో అచ్చటికి పోయి నేర్చుకొంటిని.

అన్నిటికంటె కష్టమైన ధర్మము తాళపుచెవిని గూర్చినది. మా అక్కగారి కుమారుడు చదువునకై ఇంగ్లండు వచ్చి మా యింట నుండెను. ఇరువదిరెండేండ్లవాడు, అనుమతిపత్రము గలవాడు, బుద్ధిమంతుడే. "మామయ్యా, ఒక్కసారి బండి ఇయ్యవా?" యని యడిగెను. ఈయనంటిని. రెండుదినములు వాడు సరిగా భోజనము చేయలేదు. మూడవనాడు మా అక్కగారు ఊరినుండి టెలిఫోనులో, "ఏమిరా, నీ బండికంటె నా కొడుకు తక్కువవాడా?" యని నిష్ఠురమాడిరి. "ఎక్కువవాడు గనుకనే ఈయలేదక్కా" అంటిని. ఆమె మాటాడక టెలిఫోను పెట్టివేసిరి. కొన్ని వారములు మా యిద్దఱి నడుమ మాటలు ముక్తసరిగానే జరిగినవి. నేను వానిని నేర్పుచోటికి తీసికొనిపోయితిని. అచ్చట తడిపిన నేలమీద, చిన్నబండిలో, గురువు ప్రక్కనుండగా, వాడు ఆరుసార్లు గిఱ్ఱున తిరిగెను. దిగివచ్చి, "మామయ్యా, ఇది చిన్నబండి గదా!" యని మాత్రము అనెను. ఆ మాట అక్కగారికి వాడే చెప్పినాడు.

పెద్దలారా, మన పల్లెలలో కోబ్రాబండ్లు లేవు. కాని బలమైన మోటారుసైకిళ్ళు ఇంటింట వెలయుచున్నవి. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు బండి నడిపి నేరము చేసినచో, 2019లో సవరించిన మన మోటారువాహన చట్టము సంరక్షకునికి గాని యజమానునకు గాని మూడేండ్లవఱకు చెఱసాలను, ఇరువదియైదువేల రూపాయల జుల్మానాను విధించుచున్నది. చట్టము తాళపుచెవిని ఎవరి చేతిలో చూచుచున్నదో దీనివలన తెలియుచున్నది. కనుక ఇంటి పిల్లవాడు బండి యడిగిననాడు ధరను, రంగును మాత్రమే విచారింపకుడు. దాని బలమెంత, బ్రేకులెట్టివి, వానికి నేర్పినవారెవరు, వానలో ఎచ్చట అభ్యాసము చేసెను అని కూడ అడుగుడు. తగిన సమాధానము వచ్చువఱకు తాళపుచెవిని మీ మొలనే ఉంచుకొనుడు. ఇంట అలుకలు కలుగును. అవి కొన్ని దినములలో తీఱును.