గణకయంత్ర శాస్త్రము – మన భాష

 

కంప్యూటరు శాస్త్ర పరిశోధనల నేటి స్థితినిగూర్చి ప్రసంగింపుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరిరి. కంప్యూటరనగనే మనలో పెక్కుమందికి అమెరికా యుద్యోగము స్ఫురించును. కాని ఉద్యోగము వేరు, శాస్త్రము వేరు. ఆ శాస్త్రమున మన తెలుగునకు తావున్నదా యనునదే నా ప్రశ్నము.

మనుష్యుని పలుకును యంత్రమునకు తెలియజేయు యత్నమున అగ్రగణ్యులలో నొకరు తెలుగువారే. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన రాజ్ రెడ్డిగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, స్టాన్‌ఫర్డు, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములందు కృషి సలిపి, 1994లో ఫైగెన్‌బామ్ పండితునితో గూడ ట్యూరింగు బహుమానము నందుకొనిరి.

ఆ తొలినాళ్లలో పండితులు సూత్రములు వ్రాసి యంత్రమున కిచ్చుట పరిపాటి. నేడు కోట్లకొలది వాక్యములను చూపినచో, ఏ మాట వెనుక నే మాట వచ్చునో యంత్రమే గ్రహించుచున్నది. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ట్రాన్స్‌ఫార్మరను నిర్మాణము దీనికి ఆధారము. ఇది మన వీథిలోని కరెంటు ట్రాన్స్‌ఫార్మరు కాదు. 2022 చివర వెలువడిన చాట్‌జీపీటీ దాని శక్తిని లోకమునకు చాటెను. అయినను ఈ యంత్రము తెలియనిదానిని తెలిసినట్లే పలుకుట కలదు. ఆ దోషమును మాన్పుట, తక్కువ వ్యయముతో నడచు చిన్న యంత్రములను నిర్మించుట, స్వల్పముగ వ్రాతగల భాషలను నేర్పుట – ఇవి నేటి క్రొత్త మార్గములు.

ఈ కడపటిదే మన పాలి సమస్య. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లకు పైబడిరి. కాని యంత్రము చదువగల తెలుగు వ్రాత ఇంగ్లీషుతో పోల్చిన మిక్కిలి స్వల్పము. లిపియందును భారము కలదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషక్షరమునకు ఒక బైటు చాలును. మన 'స్త్రీ' యను నొక్క యక్షరమునకు పదునెనిమిది బైట్లు కావలయును. ఇక పత్రికలభాష మాత్రమే నేర్చిన యంత్రమునకు మన కోనసీమ 'ఆయ్' ఏమి తెలియును? రేపు వైద్యశాలలో యంత్రమే రోగి బాధ నడిగి వ్రాసికొను నెడల, మన ముసలమ్మ పలుకును అది తప్పుగ వినిన, మందును తప్పును గదా!

ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియగుటకు ముందును గోదావరి పారుచునే యుండెను. కాలువలు లేమి ఆ నీరు సముద్రము పాలయ్యెను. నేడు మన భాషయు నట్లే యున్నది.

హైదరాబాదు ట్రిపుల్ ఐటీలోను, మదరాసు ఐఐటీలోని ఏఐ4భారత్ నందును భారతీయభాషలపై పరిశోధన జరుగుచున్నది. కేంద్రప్రభుత్వము 2022లో భాషిణి నారంభించెను. కాని మన మాటలను మనమే యందింపవలయును. కావున మూడు విన్నపములు. ఇండ్లలోని పాతపుస్తకములను ఛాయాచిత్రములు తీయించి గ్రంథాలయముల కిండు. వరిసాగు, పడవ, చేపలవేట, కొబ్బరిపీచు పనులలోని పలుకుబడులను, పెద్దల యనుమతితో వారి కంఠముననే భద్రపరుపుడు. ఈ సంఘ విద్యానిధినుండి ఏటేట నొక్క విద్యార్థికైనను, ఉద్యోగమునకుగాక భాషాపరిశోధనకే వేతన మొసగుడు.

యంత్రము మన బిడ్డలకు ఇంగ్లీషు నేర్పుట సులభము. యంత్రమునకు తెలుగు నేర్పవలసినవారము మనమే. ఈ తీర్మానమును సభవారు నేడే ఆమోదింతురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.