ముందుగా వేసిన విస్తరి



పెండ్లివారి పిలుపునకు వత్తుమని చెప్పి రాకపోయిన వాని విస్తరి పంక్తిలో బోసిగా కనుపించును. వడ్డించువారు దానిని చూచి మరునిమిషము ఆగి, ముందునకు సాగుదురు. పందిరి వెలుపల రెండవ పంక్తికై నిలిచిన పెద్దలు, పిల్లలు ఆ ఖాళీ చోటును చూచుచునే యుందురు. వచ్చెదనని చెప్పుట సులభము. రాలేనని సకాలమున తెలుపుట ఏలనో మనకు కష్టము. ఈ చిన్న చిక్కు వేలకొలది అతిథులు ఒకేదినమున చేరు విహారస్థలములో ఎంత పెద్దదగునో, దానిని విప్పుటకు ఎట్టి నియమములు వచ్చినవో నేడు ముచ్చటింతము.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రమున, ఓర్లాండో నగర సమీపమున వాల్ట్ డిస్నీ వరల్డ్ కలదు. దానిని 1971 అక్టోబరు 1న తెరచిరి. ఇప్పు డందు నాలుగు ప్రధానోద్యానములు, పెక్కు హోటళ్లు ఉన్నవి. అచటి భోజనశాలలు ముఖ్యముగా రెండు తెగలు. ఒక తెగలో మనమే వెళ్లి పళ్లెరము తెచ్చుకొనవలయును. దానికి ముందస్తు ఏర్పాటు అక్కరలేదు. రెండవ తెగలో బల్లయొద్ద కూర్చుండినవారికి వడ్డింతురు. ఈ బల్లల కొరకే పోటీ యంతయు.

మొదటి దినములలో ఈ పోటీ ఒక పూటతో ముగిసెడిది. 1982లో ఎప్‌కాట్ ఉద్యానము తెరచినపుడు, అతిథులు ఒక తెరను వ్రేలితో తాకి, అందు కనుపించు ఉద్యోగినితో మాటాడి, ఆనాటి భోజనమునకు చోటు కుదుర్చుకొనెడివారు. ఆ కాలమున అది వింతలలో వింత. 1990ల దశకములో మరియొక పద్ధతి వచ్చెను. ఫలాని గంటకు బల్ల మనకొరకు ఖాళీగా నుంచుదు మను హామీ దానిలో లేదు. ఆ వేళకు వచ్చినచో తరువాత ఖాళీయగు బల్ల మనదగును. క్రమముగా గడువు పెరిగి, ఒక దశలో 180 దినములకు చేరెను. డిసెంబరు 25 నాటి భోజనమునకు జూన్ 28న మేల్కొనవలసి వచ్చెను. ఆరునెలల తరువాత ఏ సాయంకాలము ఏ ఉద్యానములో ఆకలి వేయునో ఎవరు చెప్పగలరు? చెప్పలేరు కనుకనే, కొందరు ఒకే పూటకు రెండు మూడు చోట్ల బల్లలు పట్టి యుంచిరి. ఎవరును తినని భోజనములకై ఎందరికో చోటు లేకపోయెను.

దీనికి మందుగా జరిమానా వచ్చెను. 2013 అక్టోబరు చివరినుండి, దాదాపు అన్ని బల్లవడ్డన శాలలలోను, చెప్పకుండ రానివారినుండి తలకు 10 డాలర్లు వసూలు చేయ నారంభించిరి. అయిదుగురు గల కుటుంబమునకు 50 డాలర్లు. ఇక 2020 మార్చిలో మహమ్మారివలన ఉద్యానములు మూతపడి, జూలై 11నుండి మరల తెరచుకొనినపుడు గడువును 60 దినములకు కుదించిరి. నాటినుండి డిసెంబరు 25 నాటి విందునకు అక్టోబరు 26న ప్రయత్నించిన చాలును. విడిచిపెట్టుటకు పూర్వము ముందునాడే తెలుపవలసి యుండగా, తరువాత చాలా శాలలలో రెండుగంటల ముందు తెలిపినను చాలునని సడలించిరి.

మన రైల్వేలు సైతము ఇదే మార్గమున నడచినవి. 2024 నవంబరు 1నుండి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 దినములనుండి 60కి తగ్గించిరి. దూరపు తేదీలకు తీసుకొన్న టికెట్లలో నూటికి సుమారు 21 రద్దగుచున్నవని కారణము చెప్పిరి. రైలుపెట్టెకును భోజనపు బల్లకును నడుమ సముద్రములున్నను, మనుష్యస్వభావము ఒక్కటే. గడువు దూరమైనకొలది మాట పలుచనగును.

అయిన నీ మార్పు అందరికిని సమముగా మేలు చేసినదా? ఆరునెలల ముందు సెలవు దొరకునో లేదో తెలియని ఉద్యోగికి నిశ్చయముగా మేలు చేసినది. కాని అచటి హోటళ్లలో బసచేయువారు, తాము దిగుదినమునకు 60 దినముల ముందే, పది దినములవరకు గల భోజనము లన్నియు ఒక్కసారిగా కుదుర్చుకొనవచ్చును. వెలుపల తక్కువ వెలకు బసచేయువా రే దినమునకు ఆ దినమే లెక్కించుకొనవలయును. కోరదగిన బల్లలు అప్పటికే పోయియుండవచ్చును. పంక్తిలో ముందు కూర్చుండుటకు ధనము కారణమగుట మాకు రుచింపదు. పదిడాలర్ల జరిమానాయు నట్టిదే: కలవానికి అది లెక్కకు రాదు, లేనివానిని కలచును.

రెండుగంటల నియమమును మాత్రము మేము మెచ్చుకొందుము. పసివానికి ఉదయము జ్వరము రాదని ముందునాడు ఎవరు చెప్పగలరు? శిక్షను తగ్గించి, నిజము చెప్పుటకు వ్యవధి నిచ్చిన నియమ మది. విడిచిన బల్ల మరియొకరికి దొరకును. ఉద్యానములో తిరుగుచున్న కుటుంబము చేతిఫోనులో అప్పటికప్పుడు దానిని చూచి పట్టుకొనవచ్చును.

మన తెలుగుతల్లిదండ్రులు పెక్కుమంది అమెరికాలోని బిడ్డలయొద్దకు వెళ్లి, మనుమలతో ఈ ఉద్యానములు చూచి వచ్చుచున్నారు. అచట ఉదయము ఆరుగంటలకు తెరచుకొను ఈ జాబితా, అక్టోబరులో మనకు మధ్యాహ్నము మూడున్నర. ఇచటినుండి బయలుదేరకముందే, "నాన్నగారూ, మీరు ఆ రోజు తప్పక వత్తురు గదా?" అని కుమార్తె అడిగినచో, ఆ ప్రశ్న వెనుక ఇంత కథ యున్నదని గ్రహింపుడు. శాకాహారులైనచో ఆ సంగతియు అప్పుడే తెలుపుడు. చోటు కుదుర్చుకొనునపుడే వంటవారికి తెలియజేయు వీలు కలదు.

గడువు 180 దినములైనను, 60 అయినను, నియమము చేయగలిగినది కొంతయే. రాలేనపుడు రాలేమని ఒక్కమాట తెలుపుట మన చేతిలోని పని. ఆ మాటతో, పందిరి వెలుపల నిలిచిన ఎవరో ఒకరు లోనికి వచ్చి, మనకై వేసిన విస్తరిముందు కూర్చుందురు.